సీటు సంగతులు... మీకు తెలుసా?

ఆదివారం తెల్లవారుజామున ఓసారి మూసాపేట మెయిన్‌రోడ్డు మీద నిలబడి చూడండి. మెట్రో పిల్లర్ల పక్కనుంచి, వెనకాల ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ సైకిళ్ళు పోతుంటాయి. కొన్ని గండిపేట వైపు, కొన్ని ఖాజాగూడ రాళ్ళ వైపు. హుషారు మరీ పొంగేవాళ్ళు వికారాబాద్ దాకా వెళ్ళి అనంతగిరి గుట్టల్లో మట్టిదారులు పడతారు. పొద్దెక్కాక వాళ్ళే తిరిగొచ్చి టిఫిన్ సెంటర్ ముందు దిగుతారు. ఎదురుగా ఖాళీ కుర్చీలున్నా నిలబడే ఇడ్లీ తింటారు! ఎందుకో మీకు తెలుసా? జవాబు వాళ్ళ సైకిల్ సీటులో ఉంది. పదండి, ఆ సీటు చుట్టూ ఓ రౌండు కొట్టొద్దాం!

మీకు తెలుసా? ఇంగ్లీషువాళ్ళకు గుర్రం మీద వేసేదీ శాడిలే, సైకిల్‌కు బిగించేదీ శాడిలే. మనం మాత్రం సైకిల్‌కు జీను అనలేదు, హాయిగా సీటు అన్నాం. బస్సులో సీటు, కాలేజీలో సీటు, అసెంబ్లీలో సీటు, సైకిల్ సీటు! ఈ నాలుగింటిలో తేలిగ్గా దొరికేది సైకిల్ సీటే. ఎక్కువసేపు కూర్చోలేనిదీ అదే!

సైకిల్ సీటు చరిత్రలో నిజంగానే ఓ గుర్రం ఉందని మీకు తెలుసా? జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తోలు సామాన్ల వ్యాపారం పెట్టాడు. 1878లో ఆయన గుర్రం చనిపోయింది. ఇంకోటి కొనే స్తోమత లేక ఓ సైకిల్ అరువు తెచ్చుకున్నాడు. దాని సీటు మీద కూర్చుని అల్లాడిపోయాడు. తోలు పని తెలిసినవాడు కదా, తనే ఓ సీటు చేసి 1882లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ కంపెనీ బీ17 అనే తోలు సీటు 1890ల నుంచి ఈనాటికీ తయారవుతూనే ఉంది. అంటే మీ ముత్తాత కూర్చోగలిగిన మోడల్ మీద మీ మనవడు కూడా కూర్చోవచ్చు!

ఇంకా వెనక్కి పోదామా? 1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ ఫన్ డ్రైస్ రెండు చక్రాల బండి తోలాడు. దానికి పెడల్ లేదు, చైను అసలే లేదు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవాలి. కానీ మెత్త వేసిన సీటు మాత్రం ఉంది! సైకిల్‌కు పెడల్ కంటే ముందు పుట్టింది సీటన్నమాట. మీకు తెలుసా?

1860లలో పెడళ్ళు వచ్చాయి. ఇనప పట్టా తొడిగిన కొయ్య చక్రాలతో ఆ సైకిల్ రాళ్ళ వీధుల్లో పోతుంటే ఇంగ్లండ్ జనం దానికో పేరు పెట్టారు: బోన్‌షేకర్. ఎముకలు కుదిపేది అని అర్థం. నూటయాభై ఏళ్ళు దాటినా ఈ పేరు పెట్టదగ్గ రోడ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి!

ఆ కుదుపుకు మందు కనిపెట్టింది ఎవరో మీకు తెలుసా? పశువుల డాక్టరు! 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి నింపిన రబ్బరు టైర్లు చుట్టాడు. సీటు జోలికి పోకుండానే కూర్చున్నవాడికి హాయి దొరికింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ పనికొస్తుంది.

మీకు తెలుసా? ప్రపంచాన్ని సైకిల్ మీద చుట్టిన మొదటి మనిషి తొక్కింది ఎత్తు చక్రం సైకిలే. పేరు థామస్ స్టీవెన్స్. 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కి, 1886 డిసెంబరులో జపాన్‌లోని యోకొహామాలో దిగాడు. మధ్యలో మన దేశమూ దాటాడు. ముందు చక్రం ఎత్తు 50 అంగుళాలు, దాని నెత్తిన సీటు. అక్కణ్ణుంచి పడితే ఏమవుతుందో ఆలోచించకండి, కళ్ళు తిరుగుతాయి!

మరి మన ఊళ్ళలో సైకిల్ నేర్చుకున్నది ఎలాగో గుర్తుందా? కైంచి తొక్కుడు! అద్దె సైకిల్ మనకంటే ఎత్తు. సీటు అందదు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చంకలో సీటు, కుడి కాలు ఫ్రేములోంచి అవతలి పెడల్ మీదికి. బండి ఓ పక్కకు, మనిషి ఇంకో పక్కకు. సీటు ఉన్నది కూర్చోవడానికి కాదు, వాటేసుకోవడానికి! గుంతలొచ్చినా నొప్పి ఎలా తెలుస్తుంది మరి? కూర్చుంటే కదా!

అసలు సీటే లేని సైకిళ్ళున్నాయని మీకు తెలుసా? ట్రయల్స్ అనే ఆట ఉంది. రాళ్ళ మీంచి రాళ్ళ మీదికి, గోడ మీంచి గోడ మీదికి సైకిల్‌తోనే గెంతుతారు. ఆ సైకిళ్ళకు సీటు పెట్టరు, గెంతేటప్పుడు అడ్డమని. మన కైంచి పిల్లలకు అంతర్జాతీయ బంధువులు!

అంతరిక్షంలోనూ అంతే! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యాయామానికి సైకిల్ యంత్రం ఉంది. దానికి సీటు లేదు. బరువే లేనిచోట కూర్చునేదెవరు? బూట్లు పెడళ్ళకు తగిలించుకుని తొక్కడమే. సీటు నొప్పి లేని సైకిల్ కావాలంటే సుమారు 400 కిలోమీటర్లు పైకెక్కాలి!

సరే, కిందికి దిగుదాం. మన చుట్టూ ఉన్న రాళ్ళ వయసెంతో మీకు తెలుసా? హైదరాబాద్ గ్రానైటుకు దాదాపు 250 కోట్ల ఏళ్ళు! డైనోసార్లు పుట్టకముందు, చెట్టూ చేమా మొలవకముందు నుంచీ అవి ఇక్కడే ఉన్నాయి. వాటిని కాపాడాలని 1996లో ఈ నగరంలో ఓ సొసైటీ కూడా పెట్టారు. ఖాజాగూడలో ఆ రాయి మీదికి సైకిల్ ఎక్కించారనుకోండి, ఇటు 250 కోట్ల ఏళ్ళ గ్రానైటు, అటు నిరుడు కొన్న స్పాంజి సీటు. మధ్యలో ఇరుక్కున్నది మీరు!

ఆ స్పాంజి వయసు కూడా చెప్పేస్తాను. పాలీయురెథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలో ఓట్టో బేయర్, ఆయన సహచరులు కనిపెట్టారు. పరుపులో అదే, సోఫాలో అదే, కారు సీటులో అదే, సైకిల్ సీటులోనూ అదే. నాలుగు చోట్లా హాయిగా ఉండాలి కదా? ఉండదు! ఎందుకో చెబుతా, ఇక్కడ కాస్త ఆగండి. ఈ వ్యాసంలో అన్నిటికంటే విలువైన విశేషం ఇదే.

మీకు తెలుసా? సీటు మీద మీ బరువు మోసేది కండ కాదు, రెండే రెండు ఎముకలు! కటి ఎముక అడుగున రెండు గుబ్బలుంటాయి. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టుకుంటే తగులుతాయి. సీటు గట్టిగా ఉంటే బరువు ఆ రెండు గుబ్బల మీదే నిలబడుతుంది. మరీ మెత్తగా ఉంటే గుబ్బలు స్పాంజిలోకి దిగిపోతాయి. అవి దిగినకొద్దీ మధ్యలో స్పాంజి ఉబ్బి, నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట ఒత్తుతుంది. షాపులో బొటనవేలితో నొక్కి ‘అబ్బ, వెన్నలా ఉందే’ అని మురిసి కొన్న సీటే గంట తర్వాత తిమ్మిరెక్కిస్తుంది! వేలికి హాయి వేరు, ఎముకకు హాయి వేరు.

అందుకే పైన తొడిగే జెల్ కవరు కూడా ఊరి చివరి దాకా హాయి, గుట్ట దాకా కాదు. గతుకుల దారిలో అది అటూ ఇటూ జారుతుంది. జారినప్పుడల్లా తొడ ఒరుసుకుంటుంది. నన్నడిగితే ఆ డబ్బు టిఫిన్‌కు ఉంచుకోండి!

మీ రెండు గుబ్బల మధ్య దూరం ఎంతో తెలుసుకునే యంత్రం షాపుల్లో ఉంటుంది. ఇంట్లోనూ ఉందని మీకు తెలుసా? అట్టపెట్టె! అలలు అలలుగా మడతలుండే అట్టముక్కను గట్టి మెట్టు మీద వేసి, కాస్త ముందుకు వంగి కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి నడిమధ్యల మధ్య దూరం స్కేలుతో కొలవండి. దానికి రెండు, రెండున్నర సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు దాదాపుగా తేలుతుంది. ఖర్చు సున్నా. ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నావని అడిగితే మాత్రం జవాబు సిద్ధం చేసుకోండి!

ఇంకో తమాషా. లావుగా ఉన్నవాళ్ళకు వెడల్పు సీటు, సన్నగా ఉన్నవాళ్ళకు సన్న సీటు అనుకుంటాం కదా? తప్పు! గుబ్బల దూరానికీ ఒంటి లావుకూ లెక్క కుదరదు. బక్కపలచని మనిషికి వెడల్పు సీటు కావాల్సి రావచ్చు. భారీ మనిషికి సన్నది సరిపోవచ్చు. సగటున ఆడవాళ్ళకు ఈ దూరం కాస్త ఎక్కువ. ఇంట్లో ఒకే సైకిల్‌ను అందరూ తొక్కుతుంటే, ఆ సీటు ఎవరో ఒకరిని తిట్టిస్తూనే ఉంటుంది!

పాలవాళ్ళ సైకిల్ సీటు అంత వెడల్పుగా, కింద స్ప్రింగులతో ఎందుకుంటుందో మీకు తెలుసా? నిటారుగా కూర్చుంటే బరువంతా వెనక్కి పడుతుంది కాబట్టి. గుట్టలెక్కే సైకిల్ మీద ముందుకు వంగుతాం, బరువులో కొంత చేతులూ కాళ్ళూ పంచుకుంటాయి. అందుకని అక్కడ సన్న సీటు. పాలసైకిల్ సీటు తెచ్చి గుట్టసైకిల్‌కు బిగిస్తే తొడలకు తగిలి పెడల్ తిరగనివ్వదు. సీటు మంచిదే, చిరునామా తప్పు!

మరి సీటుకు ముందు ఆ ముక్కు ఎందుకు? బరువు మోయడానికి కాదు! తొడలతో బండిని అదుపు చేయడానికి. నిట్టనిలువు ఎక్కుడు వచ్చినప్పుడు ముందుకు జరిగి ఆ ముక్కు మీద అంచున కూర్చుంటారు, ముందు చక్రం గాల్లోకి లేవకుండా. అంత సన్న ముక్కు మీద కూర్చుని కొండెక్కడం! వింటేనే అమ్మో అనిపించడంలా?

ఆ ముక్కును పూర్తిగా కోసేసిన సీట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ఓ ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఆర్నెల్లపాటు ముక్కులేని సీట్లిచ్చి చూసింది. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ పాత సీటే కావాలన్నవాళ్ళు ఎందరో మీకు తెలుసా? ముగ్గురు! 1990ల చివర్లో రోజర్ మింకౌ అనే డాక్టరు సాయంతో ఓ అమెరికా కంపెనీ సీటు మధ్యలో గాడి పెట్టి అమ్మింది. ఇప్పుడు ఆ గాడి చౌక సీట్లకూ వచ్చేసింది. తిమ్మిరిని మాత్రం ‘అలవాటైపోతుందిలే’ అని వదిలేయకండి. అది నరం పెట్టే కేక. ముందు సీటు సర్దండి, అయినా పోకపోతే డాక్టరును అడగండి. ఇది నవ్వులాట మాట కాదు.

చౌక సీటు ఎన్నాళ్ళుంటుంది అనేది పెద్ద ప్రశ్న. దాన్ని ఎలా పరీక్షిస్తారో మీకు తెలుసా? ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో సీటును పైపుకు బిగించి, వెనక భాగం మీద 1,000 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 102 కిలోల బరువుతో, 2,00,000 సార్లు కుమ్ముతారు! సెకనుకు నాలుగుసార్ల లెక్కన ఆపకుండా కుమ్మినా దాదాపు 14 గంటలు. సీటు కింది కమ్మీలు విరగకూడదు, పగలకూడదు. మూసాపేట నుంచి అనంతగిరి దాకా ఎన్ని గుంతలున్నాయో లెక్కపెట్టలేదు కానీ, రెండు లక్షలుండవని ధైర్యంగా చెప్పొచ్చు!

మరి ఆ దెబ్బలన్నీ మోసేది ఎంత లావు కమ్మీలో మీకు తెలుసా? 7 మిల్లీమీటర్లు! సీటు కింద రెండు సన్న కమ్మీలు కనిపిస్తాయే, ప్రపంచంలో అధిక భాగం సీట్లకు వాటి లావు ఇదే. మీ పిల్లల పెన్సిల్ లావు కూడా ఇంచుమించు అంతే. రెండు పెన్సిళ్ళంత కమ్మీల మీద నిండు మనిషి కూర్చుని రాళ్ళ మీద ఎగురుతున్నాడు. ఉక్కుకు దండం పెట్టండి!

చౌక సీటు విరిగేది కూడా అక్కడ కాదు, సాధారణంగా. గొడవంతా కమ్మీలను పట్టుకునే బిగింపుతో. చౌక సైకిళ్ళ బిగింపులో పళ్ళుంటాయి, ఒకదాన్నొకటి కరచుకుని సీటును నిలబెట్టడానికి. బోల్టు కాస్త వదులైతే పెద్ద గతుకులో ఓ పన్ను జారుతుంది. ఠపీమని సీటు ముక్కు ఆకాశం చూస్తుంది! రెండు మూడుసార్లు జారితే పళ్ళు అరిగి, ఇక ఎంత బిగించినా నిలవదు. సీటు పోయిందనుకుని కొత్తది కొంటారు. పోయింది సీటు కాదండీ, దాని కిందున్న ఇనప పళ్ళు! ఆ బిగింపు విడిగా దొరుకుతుంది, సీటు కంటే చాలా చౌక.

కిర్రు కిర్రు చప్పుడు కూడా అక్కణ్ణుంచే. కమ్మీకీ బిగింపుకీ మధ్య దుమ్ము చేరితే ప్రతి తొక్కుడుకూ ఓ కిర్రు. తుడిచి, చిటికెడు గ్రీజు రాసి, మళ్ళీ పానతో బిగిస్తే నోరు మూస్తుంది. ఇంత తేలిగ్గా నోరు మూసేవి ప్రపంచంలో ఇంకేమీ లేవు!

మీ సీటును ఎప్పుడైనా తలకిందులు చేసి చూశారా? చూడండి! అంచు చుట్టూ వరసగా స్టేపుల్ పిన్నులు. పరీక్ష పేపర్లకు కొట్టే పిన్నులకు అన్నయ్యలు! చాలా చౌక సీట్ల పై కవరును ప్లాస్టిక్ అడుగుకు పట్టి ఉంచేది అవే. వాన, చెమట, తుప్పు, ఓ పిన్ను ఊడుతుంది. దాని వెనకే అంచు లేస్తుంది. ఆ సందులోంచి నీళ్ళు స్పాంజిలోకి. ఇక ఎండలో ఆరినట్టే ఉండి, కూర్చోగానే ప్యాంటు తడిపేస్తుంది! కొనేటప్పుడు పైన నొక్కి చూడకండి, కింద తిప్పి చూడండి. కవరు నిండుగా లోపలికి మడిచి ఉందా, పిన్నులు దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే సీటు ఆయుష్షు.

కింద పడ్డప్పుడు సీటులో ముందు చిరిగేది ఏదో చెప్పుకోండి? వెనక రెండు మూలలు! అందుకే గుట్టలకు చేసిన చాలా సీట్లకు ఆ మూలల్లో గట్టి గుడ్డ అతికిస్తారు. కొన్నిటికి కెవ్లార్ వేస్తారు. 1965లో డూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పోగు అది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడేది అదే! తుపాకీ గుండును ఆపే గుడ్డకు అనంతగిరి కంకరతో ఉద్యోగం. మీకు తెలుసా?

ఇక సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పెంకు. కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తి చేస్తారు. అచ్చు బాగుంటే పెంకు బాగుంటుంది. ఆ అచ్చులు చేసే విద్య నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎక్కడుందో మీకు తెలుసా? మూసాపేట పక్కనే, బాలానగర్‌లో! సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, 1968లో పెట్టారు. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం!

బరువు సంగతికొస్తే నోరు తెరవాల్సిందే. పాతకాలపు తోలు సీటు అర కిలో పైమాటే. ఇటలీకి చెందిన సెల్లె ఇటాలియా కంపెనీ ఎస్ఎల్ఆర్ సీ59 అని పూర్తిగా కార్బన్ సీటు చేసింది. బరువు 61 గ్రాములు. ఓ కోడిగుడ్డంత! మెత్త అన్నమాటే లేదు. రోడ్డు పందెగాళ్ళు సరదాపడొచ్చు. మన మట్టిదారికి అర కిలో సీటే ముద్దు. ఓ వంద గ్రాములు తగ్గించాలంటే ఇంట్లో ఆ రెండో వడ మానేస్తే సరి!

మీకు తెలుసా? గుట్టల సైకిల్ పందేలు పుట్టింది కాలిఫోర్నియాలోని మౌంట్ టామల్‌పైస్ దగ్గర. 1976 అక్టోబరు 21న మొదటి రీప్యాక్ పందెం. తొక్కినవన్నీ పాత డొక్కు సైకిళ్ళే! దిగుడులో బ్రేకు వేడికి లోపలి గ్రీజు కాలి పొగొచ్చేది, ప్రతిసారీ మళ్ళీ కూరాల్సి వచ్చేది. అందుకే రీప్యాక్ అన్న పేరు. సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 1996 అట్లాంటాలో, అదే ఆట ఒలింపిక్స్‌కెక్కింది. చౌక సైకిల్‌ను చిన్నచూపు చూసేవాళ్ళకు ఈ కథ చెప్పండి!

దిగుడులో సీటు అడ్డం. అందుకని 1984లో ఇద్దరు అమెరికన్లు సీటు పైపుకు ఓ స్ప్రింగు తగిలించారు, దిగకుండానే సీటు దించుకోవడానికి. ఇప్పుడు అదే పని బటన్ నొక్కితే అయ్యే పైపులొచ్చాయి. 2022 మిలాన్–శాన్‌రెమో రోడ్డు పందెంలో మతేయ్ మొహొరిచ్ ఆ గుట్టసైకిల్ పైపును రోడ్డు సైకిల్‌కు బిగించి, చివరి దిగుడులో సీటు దించి, అందరినీ దాటి గెలిచేశాడు! దాదాపు 300 కిలోమీటర్ల పందేన్ని సీటు దించి నెగ్గాడు, మీకు తెలుసా?

మన చౌక సైకిల్‌కు ఆ బటన్ లేదని దిగులొద్దు. పాన ఉంది కదా! దిగుడుకు ముందు ఆగి రెండంగుళాలు దించుకోవడమే. అంతకంటే పెద్ద రహస్యం: అనుభవమున్నవాళ్ళు రాళ్ళ మీద సీటులో కూర్చోనే కూర్చోరు. రెండు పెడళ్ళూ సమంగా ఉంచి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడతారు. ప్రపంచంలో అత్యుత్తమ షాక్ అబ్జార్బర్లు రెండు మీకు పుట్టుకతోనే ఉచితంగా వచ్చాయి!

డన్‌లప్ గారిని గుర్తుపెట్టుకోమన్నాను కదా? ఇప్పుడు రండి. చాలామంది సైకిల్ టైరులో గాలిని రాయిలా కొట్టిస్తారు. రెండంగుళాల లావు టైరుకు మట్టిదారిలో మామూలు మనిషికి 30–40 పీఎస్‌ఐ చాలు. గాలి కాస్త తగ్గించగానే టైరే పరుపవుతుంది, చక్రం నేలను పట్టుకుంటుంది, సీటు మంచిదైపోతుంది! కొత్త సీటు కొనేముందు పంపు తీయండి. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు కొరుక్కుంటుంది, అది మళ్ళీ నా మీదకు రాకూడదు!

రాళ్ళంటే గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో 1896 నుంచి జరిగే పారిస్–రూబే పందెంలో సుమారు 55 కిలోమీటర్లు పాతకాలపు బండరాళ్ళ దారి. అంత కుదిపించి గెలిచినవాడికి బహుమతి ఏమిస్తారో మీకు తెలుసా? ఓ బండరాయి!

ఇప్పుడో అంకె. ఊపిరి బిగబట్టండి. 1939లో టామీ గాడ్విన్ అనే బ్రిటిష్ కుర్రాడు ఒక్క ఏడాదిలో 75,065 మైళ్ళు తొక్కాడు. కిలోమీటర్లలో 1,20,805. భూమి చుట్టూ మూడుసార్లు! సగటున రోజుకు 331 కిలోమీటర్లు. అంటే రోజూ హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళి, అక్కడ ఆగకుండా ఇంకో యాభై. ఏడాది అయ్యాక కూడా దిగలేదు. 500 రోజుల్లో లక్ష మైళ్ళు పూర్తిచేసి 1940 మేలో ఆగాడు. దిగాక మళ్ళీ మామూలుగా నడవడం నేర్చుకోవాల్సి వచ్చిందట!

మనవాళ్ళేం తక్కువ? 1923 అక్టోబరులో బొంబాయి నుంచి బయల్దేరిన పార్సీ కుర్రాళ్ళలో ముగ్గురు, హకీం, బాపాసోలా, భూమ్‌గరా, సైకిళ్ళ మీద ఎడారులూ అడవులూ దాటుకుంటూ దాదాపు 71,000 కిలోమీటర్లు తొక్కి 1928 మార్చిలో ఇంటికి చేరారు. గాడి సీటు లేదు, జెల్ లేదు, ప్యాడ్ నిక్కరు లేదు. నాలుగున్నరేళ్ళు!

మన తెలుగు నేల మీద సైకిల్ సీటుకు అందరికంటే గౌరవం తెచ్చింది ఎవరో మీకు తెలుసా? పుచ్చలపల్లి సుందరయ్య గారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళిన ఎంపీ, అసెంబ్లీకి సైకిల్ మీద వెళ్ళిన ఎమ్మెల్యే! ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారూ సైకిల్ ఎమ్మెల్యేగానే జనానికి తెలుసు. ప్రజలిచ్చిన సీటు కోసం కార్లెక్కినవాళ్ళున్నారు. ఈ ఇద్దరూ సైకిల్ సీటు దిగకుండానే ఆ సీటులో కూర్చున్నారు!

సీటు ఎంత ఎత్తుండాలో లెక్క ఉందని మీకు తెలుసా? అమెరికా పందెగాడు గ్రెగ్ లెమాండ్ పేరుమీద ఓ సూత్రం: కాళ్ళ లోపలి పొడవును 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లైతే 70.6. ఫ్రేము అడుగున పెడళ్ళు తిరిగే నడిమి ఇరుసు మధ్యనుంచి సీటు పైదాకా ఆ ఎత్తు. లెక్కలు పడనివాళ్ళకు ఇంకో దారి: పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. సీటు మరీ కిందికుంటే కాళ్ళు బరువు మోయవు, మొత్తం సీటు మీదే పడుతుంది. నొప్పికి సగం కారణం సీటు కాదు, సీటు ఎత్తు! ఎడ్డీ మెర్క్స్ అంతటి మహా వీరుడే పందెం మధ్యలో సీటు సర్దుకునేవాడు. మనం సర్దుకుంటే తప్పా?

పందెగాళ్ళ నిక్కర్లలో మెత్త ఉంటుంది, చూశారా? దాన్ని షామీ అంటారు. యూరప్ కొండల్లో తిరిగే మేకజాతి జంతువు పేరది, ఒకప్పుడు నిజంగా దాని తోలే కుట్టేవారు. ఇప్పుడంతా స్పాంజే. ఆ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి! కొన్నవాళ్ళలో సగం మందికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఇదిగో, నేను చెప్పేశాను.

మీకు తెలుసా? పికాసో 1942లో ఓ పాత సైకిల్ సీటు, ఓ హ్యాండిల్ కలిపి అతికించాడు. సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. ఎద్దు తల తయార్! ఇప్పుడది పారిస్ మ్యూజియంలో ఉంది. మీ అటక మీద పడేసిన పాత సీటు పారేసే ముందు ఓసారి ఆలోచించండి!

అట్లాస్ సైకిల్ గుర్తుందా? 1951లో మొదలై ఇంటింటి పేరైంది. దాని ఆఖరి ఫ్యాక్టరీ, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోది, ఏ రోజు ఆగిందో తెలుసా? 2020 జూన్ 3. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఇక్కడ మాత్రం నవ్వు రావట్లేదు.

మళ్ళీ మన వైపు వద్దాం. 2022 జూన్‌లో కైతలాపూర్ దగ్గర రైలు పట్టాల మీద వంతెన తెరిచారు, కూకట్‌పల్లి వైపు నుంచి హైటెక్ సిటీకి దారి దగ్గరైంది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు వచ్చింది. దాని పైకప్పు ఏమిటో మీకు తెలుసా? సోలార్ పలకలు! పైన కరెంటు పుడుతుంటే కింద నీడలో మనం తొక్కుతాం. మే నెల ఎండలో నిలబెట్టిన నల్ల సీటు మీద కూర్చున్నవాళ్ళకే ఆ నీడ విలువ తెలుస్తుంది!

నునుపైన ఆ ట్రాకు మీద ఏ సీటైనా సింహాసనమే. పరీక్షంతా మట్టి మొదలైన చోట. కాబట్టి ఈ ఆదివారం అనంతగిరి బయల్దేరేముందు, శనివారం రాత్రే ఓ పది నిమిషాలు సైకిల్ దగ్గర కూర్చోండి. సీటు తిప్పి పిన్నులు చూడండి. బిగింపు బోల్టు పానతో బిగించండి. ముక్కు నేలకు సమంగా ఉందో ఓ పొడుగు స్కేలు పెట్టి చూడండి. మడమ పెట్టి ఎత్తు సర్దండి. టైరులో గాలి కాస్త వదలండి. ఆ తర్వాత కూడా నొప్పి పెడితే అప్పుడు కొత్త సీటుకు వెళ్ళండి, అట్టముక్క మీది కొలత జేబులో పెట్టుకుని!